సోఫా బట్టకు నిప్పు పరీక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

సోఫా బట్టల నిప్పు పరీక్షల గురించి నన్ను అడిగేవాళ్ళలో సోఫాలు చేసి అమ్మేవాళ్ళున్నారు, బట్ట ఎగుమతి చేసేవాళ్ళున్నారు, హోటలో హాస్పిటలో కడుతున్నవాళ్ళున్నారు, పిల్లలు లండన్‌లోనో డాలస్‌లోనో ఉన్న తల్లిదండ్రులున్నారు. నేను ల్యాబ్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డ రోజుల నుంచి ఇప్పటిదాకా అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. అందుకే ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు, ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది.

## మొదట్లో వచ్చే సందేహాలు

సోఫా బట్టకు నిప్పు పరీక్ష ఎందుకండీ? కాలని బట్ట అంటూ ఉంటుందా?

ఇళ్ళల్లో మామూలుగా వాడే బట్టల్లో అసలు కాలనిది లేదు. ఎంత నిప్పు తగిలితే అంటుకుంటుంది, అంటుకున్నాక ఆగుతుందా పాకుతుందా అన్నదే తేడా. చేయి జారిన సిగరెట్, పిల్లల చేతిలో అగ్గిపుల్ల, ఒరిగిపోయిన ప్రమిద లాంటి చిన్న నిప్పుకు సోఫా అంటుకోకూడదు. పరీక్ష చూసేది అదే. ఇల్లంతా మంటల్లో ఉన్నప్పుడు సోఫా నిలబడుతుందని ఏ పరీక్షా హామీ ఇవ్వదు.

సోఫాలో ఉండే పాలీయూరిథేన్ ఫోమ్ బాగా అందుకుంటే, గది మొత్తం ఒక్కసారిగా భగ్గుమనడానికి ఐదు నిమిషాలు కూడా పట్టకపోవచ్చు. అంతకంటే ముందే పొగ మనిషిని పడగొడుతుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. ఫోమ్‌లో నైట్రోజన్ ఉంది కాబట్టి హైడ్రోజన్ సయనైడ్ కూడా పుడుతుంది. నిద్రలో ఉన్నవాళ్ళకు ఆ ఐదు నిమిషాలు కూడా చేతిలో ఉండవు.

ఈ నియమాలు ఎక్కడ మొదలయ్యాయి?

అమెరికాలోని కాలిఫోర్నియా 1975లో టీబీ 117 అనే ప్రమాణం తెచ్చింది. బ్రిటన్‌ను కదిలించింది మాత్రం 1979 మే 8న మాంచెస్టర్‌లోని వూల్‌వర్త్స్ స్టోర్‌లో జరిగిన అగ్నిప్రమాదం. అక్కడి ఫర్నిచర్ విభాగంలో అంటుకున్న నిప్పుకు, ఫోమ్ సోఫాల నుంచి లేచిన పొగకు పది మంది చనిపోయారు. 1980లో సిగరెట్ పరీక్షతో నియమాలు వచ్చాయి. 1988లో వాటిని బాగా బిగించి ఫోమ్, బట్ట రెండూ పరీక్షకు నిలవాలన్నారు. ఇంటి సోఫాల విషయంలో ఇప్పటికీ ప్రపంచంలో బాగా కఠినమైన నియమాలంటే బ్రిటన్‌వే చెప్పుకోవాలి.

బట్ట పరీక్ష పాసైతే సోఫా పాసైనట్టేనా?

కాదు. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

నిప్పు విషయంలో బట్ట ఒంటరిగా ఉండదు. దాని కింద ఫోమ్ ఉంటుంది, మధ్యలో లైనింగో పాలిస్టర్ ఫైబరో ఉంటుంది, అంచుల్లో పైపింగ్ దారం ఉంటుంది. బట్ట చిల్లు పడగానే మంటకు ఫోమ్ దొరుకుతుంది. కొన్నిసార్లు బట్ట చెక్కుచెదరకపోయినా దాని వేడికి కింద ఫోమ్ రగులుతుంది. అందుకే ప్రధాన పరీక్షలన్నీ బట్టను ఫోమ్ మీద పరిచి, చిన్న సోఫాలా అమర్చి చేస్తారు.

ఒకసారి మా దగ్గరికి లేతాకుపచ్చ వెల్వెట్ వచ్చింది. నిప్పును తట్టుకునేలా చేసిన ఫోమ్ మీద హాయిగా పాసైంది. కొన్ని నెలల తర్వాత అదే తయారీదారు, అదే వెల్వెట్‌ను చవక ఫోమ్ మీద వేసి తెచ్చాడు. మూడు నిమిషాలు తిరక్కుండానే మంట వీపు పైదాకా ఎక్కింది, మేమే నీళ్ళు కొట్టి ఆర్పాం. బట్టలో మార్పేమీ లేదు, కింద ఉన్నది మారింది. ఆయన చేతిలో ఉన్న మొదటి రిపోర్ట్ ఆ రెండో సోఫాకు ఎందుకూ పనికిరాదు. ఈ ఇబ్బంది తెలిసే బ్రిటన్‌లో అగ్గిపుల్ల పరీక్షకు బట్టను ఏ రసాయనమూ కలపని మామూలు ఫోమ్ మీద వేసి చూస్తారు. దాని మీద నిలబడిన బట్ట ఎక్కడైనా కొంత నయం.

కాటన్ సేఫా, పాలిస్టర్ సేఫా? ఒక్క మాటలో చెప్పండి.

ఒక్క మాటలో కుదరదు. రెండూ వేరు వేరు నిప్పులకు భయపడతాయి.

కాటన్, లినెన్, విస్కోస్, జనపనార కరగవు. సిగరెట్ పడితే మంట రాకుండా నివురుగప్పిన నిప్పులా లోలోపల రగులుతూ పోతాయి. ఆ వేడి గంటల తరబడి ఫోమ్‌లోకి దిగి, ఎప్పుడో అర్ధరాత్రి మంటగా మారొచ్చు. బట్ట ఎంత మందంగా ఉంటే ఆ రగలడం అంత గట్టిగా సాగుతుంది.

పాలిస్టర్, నైలాన్ సిగరెట్‌కు బాగానే తట్టుకుంటాయి. వేడి తగలగానే కరిగి ముడుచుకుని నిప్పు నుంచి పక్కకు జరుగుతాయి. అదే మంట తగిలితే ఆ ముడుచుకోవడమే కొంప ముంచుతుంది. చిల్లు పడి ఫోమ్ బయటపడుతుంది.

ఉన్ని ఈ రెండిటికంటే మెరుగు. తేలిగ్గా అంటుకోదు, అంటుకున్నా చాలాసార్లు తనంతట తానే ఆరిపోతుంది. కాటన్‌లో పాలిస్టర్ కలిపితే రెండిట్లో మంచే వస్తుందనుకోకండి. కరిగిన పాలిస్టర్‌ను కాటన్ వత్తిలా పట్టుకుని కాల్చిన సందర్భాలు నేనే చాలా చూశాను.

రెక్సిన్, తోలు సంగతేంటి?

అసలైన తోలు మందంగా ఉంటే సిగరెట్‌కు, చిన్న మంటకు బాగా నిలుస్తుంది. రెక్సిన్ పైపూత పీవీసీ అయితే అందులోని క్లోరిన్ మంటను కొంత అణచుతుంది, కానీ పొగ ఎక్కువ, ఆ పొగ ఘాటు. పీయూ (పాలీయూరిథేన్) పూత ఉన్న రెక్సిన్ అలా కాదు, దానికి తగిన రసాయనం లేకపోతే బాగా కాలుతుంది. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి కొనేటప్పుడు ఏ పూతో అడగండి.

సప్లయర్ 'ఎల్‌ఓఐ 28' అని కాగితం చూపించాడు. ఇక పరీక్ష అక్కర్లేదా?

కావాలి. ఎల్‌ఓఐ అంటే ఆ బట్ట కాలుతూ ఉండడానికి గాలిలో కనీసం ఎంత శాతం ఆక్సిజన్ కావాలో చెప్పే అంకె. మన గాలిలో ఉన్నది దాదాపు 21 శాతం. కాటన్‌కు సుమారు 18, పాలిస్టర్‌కు 20-21, ఉన్నికి 25 దగ్గర వస్తుంది. అంకె పెద్దదైతే మంచిదే. అయితే అది చిన్న బట్ట ముక్కను గాజు గొట్టంలో నిలువుగా పెట్టి కొలిచింది. ఫోమ్ మీద సిగరెట్‌తో ఎలా రగులుతుందో అది చెప్పదు. రెండు రోల్స్‌లో ఏది తీసుకుందామని చూసుకోవడానికి వాడుకోండి, సర్టిఫికెట్‌గా మాత్రం కాదు.

## ఏ పరీక్ష కావాలో తేల్చుకునేటప్పుడు

మన దేశంలో ఇంటి సోఫాకు ఈ పరీక్ష తప్పనిసరా?

మన ఇళ్ళ సోఫాలకు బ్రిటన్‌లోలా సిగరెట్, అగ్గిపుల్ల పరీక్షలు పెట్టి లేబుల్ కుట్టే పద్ధతి లేదు. ఇళ్ళకు కాని చోట్ల, అంటే హోటళ్ళు, సినిమా హాళ్ళు, ఆసుపత్రులు, ఆఫీసుల ఫర్నిచర్‌కు మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన ప్రమాణం ఉంది. దాని నంబర్ ఐఎస్ 15768. కర్టెన్లకు వేరే, ఐఎస్ 15741. పెద్ద ప్రాజెక్టుల టెండర్లలో ఈ నంబర్లు రాసి అడుగుతారు, చాలా హోటల్ గ్రూపులు బ్రిటిష్ ప్రమాణం కూడా కోరతాయి. సరుకు సరఫరాకు ఒప్పుకునే ముందు ఆ రోజుకు అమల్లో ఉన్న క్వాలిటీ కంట్రోల్ ఉత్తర్వులు బీఐఎస్ దగ్గర చూసుకోండి, అవి తరచూ మారుతున్నాయి.

ఇంటి సోఫాకూ ఇలాంటి నియమం రావాలని నా గట్టి అభిప్రాయం. హోటల్లో రెండు రాత్రులు కూర్చునే సోఫాకు ఉన్న జాగ్రత్త, మన పిల్లలు రోజూ పడి నిద్రపోయే సోఫాకు ఉండొద్దా?

లండన్ పార్టీ 'క్రిబ్ ఫైవ్' అడుగుతున్నాడు. అంటే ఏంటి?

బీఎస్ 5852 అనే బ్రిటిష్ ప్రమాణంలో నిప్పును 0 నుంచి 7 దాకా మెట్లుగా పెట్టారు. 0 అంటే సిగరెట్. 1 అంటే అగ్గిపుల్లంత గ్యాస్ మంట, 20 సెకన్లు. 2, 3 ఇంకాస్త పెద్ద గ్యాస్ మంటలు. 4 నుంచి 7 దాకా సన్నని చెక్క పుల్లలను గూడులా పేర్చి అంటిస్తారు, ఆ గూడునే క్రిబ్ అంటారు. ఐదో నంబర్ క్రిబ్ బరువు 17 గ్రాములు. ఏడోది 126 గ్రాములు.

బ్రిటన్‌లో హోటళ్ళు, రెస్టారెంట్లు, ఆసుపత్రుల లాంటి చోట్లకు బీఎస్ 7176 ప్రకారం మధ్యస్థ ప్రమాదం అనే తరగతి ఉంటుంది. దానికి సిగరెట్, అగ్గిపుల్లతో పాటు ఈ క్రిబ్ ఫైవ్ కూడా పాసవ్వాలి. మీ పార్టీ ఇంటి సోఫాలకు కొంటున్నాడా, హోటల్‌కు కొంటున్నాడా అన్నది ముందే అడగండి. ఇంటి సోఫా బట్టకైతే సిగరెట్, అగ్గిపుల్ల పరీక్షలే ఉంటాయి. అక్కర్లేని క్రిబ్ ఫైవ్ కోసం బట్టకు మందపు పూత వేయించి, తీరా బట్ట అట్టలా బిర్రబిగిసిందని ఆర్డర్ పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు.

అమెరికాకు పంపాలంటే బ్రిటన్ రిపోర్ట్ చెల్లుతుందా?

చెల్లదు. అమెరికాలో ఇప్పుడు దేశమంతటికీ ఉన్నది కాలిఫోర్నియా వాళ్ళ టీబీ 117-2013. 2020 డిసెంబర్‌లో చట్టం చేసి దాన్ని జాతీయ ప్రమాణంగా తీసుకున్నారు, 2021 జూన్ 25 నుంచి అమలవుతోంది. 2022 జూన్ 25 నుంచి సోఫా మీద ఆ నియమానికి అనుగుణంగా చేశామనే లేబుల్ కూడా ఉండాలి.

ఇందులో మంట పరీక్ష లేదు, సిగరెట్ ఒక్కటే. సీటు, వీపు కలిసే మూలలో వెలిగించిన సిగరెట్ పెట్టి, దాని మీద పలచని బట్ట ముక్క కప్పి 45 నిమిషాలు చూస్తారు. మంట రాకూడదు, 45 నిమిషాల తర్వాత రగులుతూ ఉండకూడదు, నిలువు వైపు మాడిన పొడవు 1.8 అంగుళాలు దాటకూడదు. పాలిస్టర్ బట్టలు దీన్ని తేలిగ్గా దాటుతాయి. మందపు కాటన్, విస్కోస్ షెనీల్ లాంటివి తడబడతాయి. అలాంటి బట్టను బ్యారియర్ అనే అడ్డు పొరతో కలిపి వాడే దారి ఆ ప్రమాణంలోనే ఉంది.

మిగతా యూరప్‌కు?

ఎక్కువగా ఈఎన్ 1021 అడుగుతారు. మొదటి భాగం సిగరెట్, రెండో భాగం 15 సెకన్ల చిన్న మంట. దేశాన్ని బట్టి, హోటలా ఇల్లా అన్నదాన్ని బట్టి అదనంగా వాళ్ళ సొంత పరీక్షలు ఉంటాయి. కొనేవాళ్ళ దగ్గర ప్రమాణం నంబర్ రాతలో తీసుకోండి.

మా దగ్గర బస్సు సీటు బట్టకు రిపోర్ట్ ఉంది. అదే బట్ట సోఫాకు వాడొచ్చా?

విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టేవాళ్ళ దగ్గర మిగిలిన రోల్స్ సోఫాలకు రావడం మామూలే, అందుకే ఈ ప్రశ్న. వాహనాల లోపలి బట్టలకు మన దగ్గర ఐఎస్ 15061, అమెరికాలో ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 302 ఉన్నాయి. అందులో బట్ట ముక్కను అడ్డంగా పెట్టి ఒక చివర అంటించి, మంట ఎంత వేగంగా పాకుతుందో కొలుస్తారు. అమెరికా ప్రమాణంలో హద్దు నిమిషానికి 102 మిల్లీమీటర్లు. అంటే నిమిషానికి నాలుగు అంగుళాల వరకు కాలుతూ పోయే బట్ట కూడా పాసే! సోఫా పరీక్షలో మంట దానంతట అదే ఆరిపోవాలి. రెండిటికీ పోలికే లేదు. ఆ రిపోర్ట్ చూపించి సోఫా అమ్మకండి.

పోచంపల్లి ఇక్కత్ కాటన్‌తో సోఫా బట్ట చేసి యూకేకి పంపాలని ఉంది. కుదురుతుందా?

కుదురుతుంది. మామూలు చేనేత కాటన్ అగ్గిపుల్ల పరీక్షలో నిలవదు, అది నిజం. అయితే బ్రిటన్ నియమాల్లో ఒక వెసులుబాటు ఉంది. బట్టలో కనీసం 75 శాతం కాటన్, లినెన్, విస్కోస్, సిల్క్, ఉన్ని లాంటి నూలు ఉండి, ఆ బట్టకూ ఫోమ్‌కూ మధ్య, నియమాల ప్రకారం పాసైన ఇంటర్‌లైనర్ అనే అడ్డు పొర వేస్తే, బట్టకు అగ్గిపుల్ల పరీక్ష అక్కర్లేదు. సిగరెట్ పరీక్ష మాత్రం తప్పదు. రసాయనాలు పూసి రంగులు చెడగొట్టుకోకుండా నేత అందం నిలుపుకోవడానికి ఇదే మంచి దారి. సోఫా మీద విడిగా వేసుకునే చిన్న దిండ్ల విషయంలో ఇంకా సులువు, అక్కడ లోపలి నింపుడు సరుకు పాసైతే చాలు.

## శాంపిల్ పంపేముందు

ఎంత బట్ట పంపాలి? ఫోమ్ కూడా పంపాలా?

ల్యాబ్‌ను బట్టి రెండు మూడు మీటర్లు అడుగుతారు, ఎక్కువ పరీక్షలైతే ఇంకా. ఒకే రోల్‌లోంచి, అంచు వదిలేసి, మడత ముద్రలు పడకుండా గొట్టానికి చుట్టి పంపండి. మీ సోఫా మొత్తం కూర్పుకు రిపోర్ట్ కావాలంటే మీరు వాడే ఫోమ్, లైనింగ్ అన్నీ పంపాలి, ఫోమ్ సాంద్రత రాయాలి. బట్టకు మాత్రమే కావాలంటే ల్యాబ్ తన ప్రామాణిక ఫోమ్ వాడుతుంది. ఏది కావాలో ఫారంలో స్పష్టంగా రాయకపోతే వాళ్ళకు తోచింది చేసి ఇస్తారు, తర్వాత గొడవలు.

బట్టను ఉతికి పంపాలా?

మీరు ఉతకకండి, అవసరమైతే ల్యాబే తడుపుతుంది. బ్రిటన్ పద్ధతిలో పరీక్షకు ముందు బట్టను 40 డిగ్రీల నీళ్ళలో అరగంట నానబెట్టి ఆరబెడతారు. పైపైన చల్లిన రసాయనం నీళ్ళకే పోతుందా, బట్టను పట్టుకుని ఉందా అన్నది అక్కడే తేలిపోతుంది. మీ సోఫా కవర్ జిప్ తీసి ఉతుక్కునే రకమైతే, ఎన్నిసార్లు ఉతికాక పరీక్షించాలో కూడా ల్యాబ్‌కు చెప్పండి.

ఒకే బట్ట, పన్నెండు రంగులు. పన్నెండు పరీక్షలూ చేయించాలా?

సాధారణంగా అక్కర్లేదు. నేత, నూలు, బరువు, పూత ఒకటే అయితే ఒక లేత, ఒక ముదురు రంగు చేయిస్తే చాలామంది కొనుగోలుదారులు ఒప్పుకుంటారు. కాటన్ రంగుల్లో ఒక జాగ్రత్త ఉంది. అద్దకంలో వాడిన సోడియం, పొటాషియం లవణాలు సరిగ్గా కడగకపోతే బట్టలో మిగిలిపోతాయి, అవి కాటన్‌ను మరింత తేలిగ్గా రగిలేలా చేస్తాయి. ఒకే రకం బట్ట లేత రంగులో పాసై, ముదురు రంగులో సిగరెట్‌కు ఫెయిలైతే ముందు అద్దకం షెడ్‌లో కడుగుడు ఎలా జరిగిందో చూడండి.

ఎక్కడ చేయిస్తారు?

ముంబైలో బీటీఆర్‌ఏ, కోయంబత్తూరులో సిట్రా, ఘజియాబాద్‌లో నిట్రా జౌళి పరిశోధన సంస్థలు. రూర్కీలోని సీబీఆర్‌ఐలో నిప్పు పరిశోధన విభాగం ఉంది. ఇవి కాక ప్రైవేటు ల్యాబ్‌లు ఉన్నాయి. ఎక్కడికి పంపినా ఒకటే అడగండి: మీకు కావలసిన ఆ ప్రమాణం నంబర్‌కే ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అని. ల్యాబ్‌కు గుర్తింపు ఉండడం వేరు, ఆ పరీక్షకు ఉండడం వేరు.

ల్యాబ్‌కు పంపే ముందు మా షెడ్‌లో కాల్చి చూసుకోవచ్చా?

దారం పోగు వరకు చూసుకోండి. ఆరుబయట, స్టీలు పళ్ళెంలో, పక్కన నీళ్ళు పెట్టుకుని, పట్టకారుతో పట్టి కాల్చండి. కాగితం కాలిన వాసన, మెత్తని బూడిద వస్తే కాటన్ జాతి. నల్లటి గట్టి పూస మిగిలితే పాలిస్టర్. జుట్టు కాలిన వాసన వస్తే ఉన్ని లేదా సిల్క్. దీంతో సప్లయర్ చెప్పిన నూలు నిజమో కాదో తెలుస్తుంది, అంతే. ఫోమ్ ముక్కను మాత్రం షెడ్‌లో ఎప్పుడూ కాల్చకండి. అరచేయంత ముక్క చాలు, ఆ పొగకు నిలబడలేరు.

## పరీక్ష జరిగే రోజు

ల్యాబ్‌లో అసలేం చేస్తారు?

క్రిబ్ ఫైవ్ రోజున మా బెంచి మీద జరిగేది చెప్తాను. రిగ్ అంటే రెండు ఇనుప ఫ్రేములు, ఒకటి సీటు, ఒకటి వీపు, మూలమట్టంగా కలిసి ఉంటాయి. రెండిట్లోనూ 75 మిల్లీమీటర్ల మందం ఫోమ్ పెట్టి, మీ బట్టను లాగి కప్పి వెనక క్లిప్పులు బిగిస్తాం. ముడత ఉండకూడదు. ముడత కింద గాలి ఉంటుంది, గాలి ఉంటే పరీక్ష ఫలితమే మారిపోతుంది.

సీటు, వీపు కలిసే చోట పుల్లల గూడు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. దాని అడుగున చిన్న దూది గుడ్డ, దాని మీద 1.4 మిల్లీలీటర్ల ప్రొపనాల్. అంటించగానే మంట నీలంగా, కనిపించీ కనిపించకుండా మొదలై, కాసేపటికి పుల్లలు అందుకుని పసుపు రంగుకు తిరుగుతుంది. పాలిస్టర్ అయితే బట్ట ముందు తళతళలాడుతుంది, తర్వాత ముడుచుకుని కన్ను తెరిచినట్టు చిల్లు పడుతుంది, ఆ చిల్లులో ఫోమ్ కనిపిస్తుంది. ఆ క్షణంలో గదిలో ఎవరూ మాట్లాడరు. మంట ఫోమ్‌ను పట్టుకుంటుందా, వదిలేస్తుందా అన్నది అక్కడే తేలిపోతుంది.

పది నిమిషాలు దాటినా మంట ఉంటే ఫెయిల్. గంట దాటినా రగులుతూ ఉంటే ఫెయిల్. అంచులదాకా పాకినా, మందం మొత్తం కాలినా ఫెయిల్. అన్నీ దాటినా అయిపోలేదు. బట్ట కోసి, ఫోమ్ విడదీసి, లోపల ఎక్కడైనా నిప్పు దాక్కుందేమో వెతుకుతాం. పైకి చల్లగా కనిపించి లోపల ఎర్రగా ఉన్నవి నా చేతుల్తోనే బయటికి తీశాను.

మా బట్ట మంటకు పాసైంది, సిగరెట్‌కు ఫెయిలైంది. ఇదెలా సాధ్యం?

చాలా మామూలు విషయం. మంటను అణచే రసాయనాల్లో కొన్ని, ముఖ్యంగా బ్రోమిన్, యాంటిమొనీ కలిపినవి, మంటలోని వాయువుల మీద పనిచేస్తాయి. సిగరెట్‌కు మంటే ఉండదు, బట్ట నెమ్మదిగా ఎర్రగా రగులుతుంది. అక్కడ ఆ రసాయనానికి పని దొరకదు. మందపు కాటన్, విస్కోస్‌లలో ఇలా అవుతుంది. భాస్వరం ఆధారంగా పనిచేసే రసాయనాలు కాటన్‌ను బొగ్గు పొరగా మార్చి నిప్పును ఆపుతాయి, అవి రెండు చోట్లా మెరుగు. పాలిస్టర్ పాళ్ళు కొంచెం పెంచినా సిగరెట్ పరీక్షలో ఫలితం మారొచ్చు.

## రిపోర్ట్ చేతికొచ్చాక

రిపోర్ట్‌లో ముందు ఏం చూడాలి?

'పాస్' అనే మాట కాదు. ముందు ఏ ప్రమాణం, ఏ సంవత్సరపు ప్రతి, ఏ నంబర్ నిప్పు. తర్వాత బట్ట కింద ఏ ఫోమ్ వాడారు. నానబెట్టి చేశారా లేదా. బట్ట బరువు, నూలు పాళ్ళు మీ రోల్‌తో సరిపోతున్నాయా. ఎన్ని నమూనాలు చేశారు. రిపోర్ట్ ఎవరి పేరు మీద ఉంది. వేరేవాళ్ళ పేరు మీద, ఆరేళ్ళ కిందటి తేదీతో ఉన్న రిపోర్ట్ ఫొటోకాపీ ఇచ్చి సరుకు అంటగట్టడం ఈ వ్యాపారంలో జరుగుతోంది. ఒక ఆసుపత్రికి వెళ్ళాల్సిన కుర్చీల బట్ట అలాంటి కాగితంతో వస్తే నేనే వెనక్కి పంపించాను. రిపోర్ట్ నంబర్‌తో ల్యాబ్‌కు ఒక ఈమెయిల్ పెడితే నిజమో కాదో చెప్పేస్తారు.

ఫెయిలైంది. టెన్షన్‌గా ఉంది. ఇప్పుడేం చేయాలి?

ముందు ఎక్కడ ఫెయిలైందో చదవండి. సిగరెట్‌కా, మంటకా? ఎన్నో నిమిషంలో? అందులోనే సగం జవాబు ఉంటుంది. మంటకు చిల్లు పడి ఫోమ్ అందుకుంటే ఇంటర్‌లైనర్ వేయడమో, వెనక పూత పెంచడమో, కూర్పు పరీక్ష అయితే మంచి ఫోమ్‌కు మారడమో చేయాలి. నానబెట్టాకే ఫెయిలైతే రసాయనం బట్టను పట్టుకోలేదు, ఫినిషింగ్ చేసినవాళ్ళతో మాట్లాడాలి. అమెరికా సిగరెట్ పరీక్షలో మూడు నమూనాల్లో ఒకటే ఫెయిలైతే ఇంకో మూడింటికి అవకాశం ఉంటుంది, ఆ మూడూ పాసవ్వాలి. అదృష్టం మీద భారం వేసి అదే బట్టను ఇంకో ల్యాబ్‌కు పంపడం మాత్రం వద్దు. అంచున నిలబడి పాసైన బట్ట తర్వాతి లాట్‌లో జారిపోతుంది.

రిపోర్ట్ ఎన్నేళ్ళు చెల్లుతుంది?

రిపోర్ట్ మీద గడువు తేదీ ఉండదు. అది పరీక్షించిన ఆ నమూనా గురించే మాట్లాడుతుంది. నూలు మిల్లు మారినా, పూత మారినా, ఫోమ్ మారినా మళ్ళీ చేయించాలి. ఏదీ మారకపోయినా ఏడాదికోసారి చేయించుకోవడం మంచి అలవాటు. పెద్ద కొనుగోలుదారులు ఎలాగూ అడుగుతారు.

స్ప్రే కొడితే ఏ బట్టైనా పాసవుతుందంటున్నారు. నిజమా?

నమ్మకండి. చవక స్ప్రేల్లో ఎక్కువగా బోరాక్స్, అమ్మోనియం లవణాల లాంటి నీళ్ళలో కరిగేవే ఉంటాయి. కాటన్ మీద కొట్టిన రోజున లైటర్ పెట్టి చూపిస్తే అంటుకోదు, చూసినవాళ్ళు మురిసిపోతారు. ఒక్కసారి టీ ఒలికి తుడిచినా అక్కడ ఆ రక్షణ పోతుంది. పైగా ఈ లవణాలు తేమను పీలుస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళల్లో బట్ట జిగటగా మారడం, తెల్లని పొడి తేలడం, లోపల స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టడం కనిపిస్తాయి. పాలిస్టర్ మీదైతే చాలా స్ప్రేలు నిలవనే నిలవవు.

ఈ రసాయనాలు పిల్లలకు మంచివి కావంటున్నారు కదా?

ఆ భయంలో నిజం ఉంది. కాలిఫోర్నియా 1975 ప్రమాణం ఫోమ్‌ను 12 సెకన్ల మంటకు నిలవమంది. దానికోసం దశాబ్దాల పాటు ఫోమ్‌లో రకరకాల రసాయనాలు కలిపారు. అవి ఫోమ్‌లోనే ఉండిపోకుండా ఇంటి దుమ్ములోకి చేరతాయి, నేల మీద పాకే పిల్లల నోట్లోకి వెళ్తాయి. డెకాబీడీఈ అనే రసాయనాన్ని 2017లో ప్రమాదకర రసాయనాలపై దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధిత జాబితాలో చేర్చింది. కాలిఫోర్నియా తన పరీక్షనే సిగరెట్ పరీక్షగా మార్చి, 2020 జనవరి 1 నుంచి సోఫాల్లో 1000 పీపీఎం (పది లక్షల పాళ్ళలో వెయ్యి) మించి ఇలాంటి రసాయనాలు ఉండకూడదంది.

అలాగని నిప్పు పరీక్షే వద్దనడం సరికాదు. ఉన్ని పాళ్ళు ఎక్కువున్న బట్ట, బిగువైన నేత, మధ్యలో అడ్డు పొర, పోగులోనే నిప్పును తట్టుకునే గుణం ఉన్న నూలు, వీటితో చాలా దూరం వెళ్ళొచ్చు. ఖర్చు కొంచెం ఎక్కువే. పసిపిల్లలున్న ఇంటికి నేనైతే ఆ ఖర్చే ఎంచుకుంటాను.

## ఇంట్లో, వాడుకలో

మా అబ్బాయి యూకేలో చదువుకుంటున్నాడు. ఫర్నిచర్‌తో ఉన్న అద్దె ఇల్లు. ఏం చూసుకోమని చెప్పాలి?

సోఫా కుషన్ తిప్పి, పరుపు అంచు చూసి, కుట్టేసిన ఫైర్ లేబుల్ ఉందేమో చూడమనండి. అక్కడ ఫర్నిచర్‌తో అద్దెకిచ్చే ఇంటి యజమాని నియమాలకు తగ్గ సోఫాలే పెట్టాలి. 1950కి ముందు చేసిన పాత వస్తువులకు మాత్రమే మినహాయింపు. లేబుల్ లేకపోతే ఏజెంట్‌ను రాతలో అడగొచ్చు, అది అద్దెకుండేవాళ్ళ హక్కు. సెకండ్‌హ్యాండ్ షాపులో కొన్నా ఇదే చూసుకోవాలి. ఆ లేబుల్‌ను కత్తిరించి పారేయొద్దని కూడా చెప్పండి. అది లేని సోఫాను ఖాళీ చేసేటప్పుడు ఛారిటీ షాపులు దానంగా కూడా తీసుకోవు.

పాత సోఫాకు కొత్త బట్ట వేయిస్తున్నాం. మేస్త్రికి ఏం చెప్పాలి?

బట్ట ఎంచుకోవడం కంటే ముందు లోపల ఏముందో విప్పి చూపించమనండి. పొడిపొడిగా రాలే పాత ఫోమ్ ఉంటే మార్పించండి, ముక్కల ఫోమ్ నింపనివ్వకండి. కొత్త బట్ట కింద పొరగా బిగువైన లైనింగ్ వేయించండి. సీటు, వీపు కలిసే సందు లోతుగా ఉంటే నిప్పు అక్కడే దాక్కుంటుంది, కుషన్లు సందు లేకుండా కూర్చునేలా కుట్టమనండి. పైపింగ్‌లో కాటన్ తాడు బదులు పాలిస్టర్ తాడు అడగండి, కాటన్ తాడు వత్తిలా నిప్పును లాక్కెళ్తుంది. ఇవన్నీ ఏ మేస్త్రి అయినా చేయగలిగినవే.

సోఫా కింద దోమల కాయిల్ పెడతాం. దానికి మంట ఉండదు కదా?

మంట ఉండదు కాబట్టే ప్రమాదం. సిగరెట్ కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. కాయిల్ రాత్రంతా రగులుతూ ఉంటుంది. సోఫా అడుగున ఎక్కువగా పలచని నల్లగుడ్డ ఉంటుంది, దాని పైన ఫోమ్, చెక్క, గోనె పట్టా. ఏ పరీక్షలోనూ రాత్రంతా నిప్పు పెట్టి చూడరు. కాయిల్ గది మధ్యలో, రేకు స్టాండ్ మీద, కర్టెన్‌కూ సోఫాకూ కనీసం మూడు నాలుగు అడుగుల దూరంలో పెట్టండి. ఫోన్లు, స్కూటర్ బ్యాటరీలు సోఫా మీద ఛార్జింగ్ పెట్టడం కూడా మానేయండి.

కుషన్ మీద నిప్పు పడి నల్లమచ్చ అయింది, ఆరిపోయింది. అలా వదిలేయొచ్చా?

వదిలేయొద్దు. మచ్చ చుట్టూ చేయి పెట్టి చూసి, చల్లగా ఉందని ధీమా పడొద్దు. ఫోమ్ లోపల రగులుతూ గంటల తర్వాత మంట రావొచ్చు. ఆ కుషన్‌ను ఇంటి బయటికి తీసుకెళ్ళి, బకెట్ నీళ్ళలో ముంచి పిండి, ఆ రాత్రికి గోడకు, వాహనాలకు దూరంగా బయటే ఉంచండి. దాని కింద సీటు పలకను, సందులను కూడా తడిపి చూడండి.

ఒకవేళ మీరు చూసేసరికే సోఫా మంటగా కాలుతుంటే ఆర్పే ప్రయత్నం చేయకండి. ఇంట్లో అందరినీ లేపి బయటికి రండి, వస్తూ ఆ గది తలుపు మూసేయండి, బయటికొచ్చాక 101కి ఫోన్ చేయండి. బీరువా తాళం కోసమో, కాగితాల కోసమో మళ్ళీ లోపలికి వెళ్ళకండి.